రెటీనా రక్తనాళాలు: వయసు తెచ్చే మార్పులు, స్త్రీ పురుష భేదాలు

గత కొన్ని నెలలుగా కంటి వెనుక భాగంలో వెలుతురును గ్రహించే రెటీనా అనే పొరలోని రక్తనాళాల గురించి అందిన ఉత్తరాలన్నింటిలో ఒక పోలిక ఉంది. రాసినవారెవరికీ కంటి జబ్బు లేదు. అయినా పరీక్ష నివేదికలోని ఏదో ఒక అంకె, లేదా ఎక్కడో చదివిన ఒక మాట, వారిని ఆలోచనలో పడేసింది. అందువల్ల జబ్బుల ప్రస్తావన వీలైనంత తగ్గించి, ఆరోగ్యంగా ఉన్న కంటికే పరిమితమై ఈసారి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను 58 ఏళ్ల స్త్రీని. రక్తపోటు, మధుమేహం లేవు. కంటి పరీక్షలో భాగంగా ఓసీటీ యాంజియోగ్రఫీ అనే రక్తనాళాల చిత్రం తీశారు. రెటీనా నడిమధ్యన రక్తనాళాలు లేని ప్రాంతం నాకు 0.38 చదరపు మిల్లీమీటర్లు ఉందని నివేదికలో ఉంది. అదే రోజు పరీక్ష చేయించుకున్న నా తమ్ముడికి 0.24 మాత్రమే. నాళాల సాంద్రత కూడా నాకు అతనికంటే తక్కువ. కంగారు పడవలసిందేమీ లేదని డాక్టరు గారు అన్నారు గాని కారణం చెప్పే తీరిక ఆయనకు లేకపోయింది. ఈ తేడా ఎందుకు వచ్చింది?

జవాబు: మీ డాక్టరు గారు చెప్పింది సరైనదే. మీ ఇద్దరి కొలతలూ ఆరోగ్యవంతులలో మామూలుగా కనిపించేవే. ఏ జబ్బూ లేనివారిలో సైతం ఈ ప్రాంతం విస్తీర్ణం 0.1 చదరపు మిల్లీమీటరు నుంచి 0.5 దాకా, కొందరిలో అంతకు మించి కూడా ఉంటుంది. అంటే ఐదు రెట్ల తేడా. మనుషుల ఎత్తులో ఇంత తేడా ఉండి ఉంటే మూడడుగులవారూ పదిహేనడుగులవారూ ఒకే వీధిలో నడుస్తూ కనిపించేవారు. ఇంత విస్తారమైన పరిధి ఉన్న కొలతను పట్టుకొని ఇద్దరు మనుషులను పోల్చితే తేలేది చాలా తక్కువ.

అసలు రెటీనా మధ్యలో నాళాలు ఎందుకు లేవో తెలిస్తే మిగతా విషయం సులువుగా బోధపడుతుంది. కంటిలోకి వచ్చిన వెలుతురు ముందుగా రెటీనాలోని రక్తనాళాలను, నాడీకణాల పొరలను దాటి, ఆ తరువాతనే అడుగున ఉన్న కాంతిగ్రాహక కణాలను చేరుతుంది. ఒకరకంగా నాళాలు వెలుతురుకు అడ్డుగా ఉన్నట్టే. అక్షరాలు చదవడానికి, ముఖాలు గుర్తుపట్టడానికి మనం వాడుకునే ఫోవియా అనే చిన్న గుంటలో ఆ అడ్డు లేకుండా, సుమారు అర మిల్లీమీటరు వ్యాసం మేర కేశనాళికలు, అంటే అతి సన్నని రక్తనాళాలు, ఉండవు. అక్కడి కణాలకు కావలసిన ఆక్సిజన్ రెటీనా వెనుక పరచుకొని ఉన్న కోరాయిడ్ అనే నాళాల పొర నుంచి అందుతుంది.

ఈ ఏర్పాటు చాలావరకు పుట్టుకతోనే నిర్ణయమవుతుంది. గర్భంలో 16వ వారం ప్రాంతంలో దృశ్యనాడి శీర్షం (ఆ నాడి కంటితో కలిసే చోటు) దగ్గర బయలుదేరిన నాళాలు రెటీనా మీద పాకుతూ వెళ్లి, ముక్కు వైపు అంచును 36వ వారం ప్రాంతంలోను, చెవి వైపు అంచును ఇంచుమించు కాన్పు సమయానికి చేరుకుంటాయి. మధ్యభాగాన్ని మాత్రం అవి చుట్టుముట్టి వదిలేస్తాయి. ఆ వలయం లోపల గుంట క్రమంగా లోతవుతుంది. నెలలు నిండకుండా పుట్టినవారిలో పెద్దయిన తరువాత కూడా ఈ నాళరహిత ప్రాంతం చిన్నదిగా ఉండడానికి కారణం ఆ తొలి వారాల్లో జరిగే పనిలోనే ఉంది. కాబట్టి మీ 0.38లో అత్యధిక భాగం మీరు పుట్టిననాటి నుంచీ మీతో ఉన్నదే.

ఇక స్త్రీ పురుష భేదం. వేర్వేరు దేశాల్లో జరిగిన పరిశీలనలలో తరచుగా తేలిన విషయం ఏమిటంటే, సగటున స్త్రీలలో ఈ ప్రాంతం పురుషులకంటే పెద్దది, ఫోవియా దగ్గర రెటీనా మందం పురుషులకంటే తక్కువ. ఈ రెండూ వేర్వేరు సంగతులు కావు. నడిమి కణజాలం పలుచగా ఉన్న కంటికి వెనుకనున్న కోరాయిడ్ నుంచే ఆక్సిజన్ సరిపోతుంది కనుక అక్కడికి నాళాలు చొచ్చుకు రావలసిన అవసరం ఉండదు. మందంగా ఉన్న కంటిలో అవి మరికొంత లోపలికి వస్తాయి. స్త్రీలలోనైనా పురుషులలోనైనా మందం తక్కువైనచోట నాళరహిత ప్రాంతం పెద్దదిగా ఉండడం కనిపిస్తుంది. దీనివల్ల చూపులో తేడా ఏమీ రాదు.

వయసు పాత్ర ఇక్కడ చిన్నదే గాని ఉంది. వలయం అంచులోని కేశనాళికలు కొన్ని కాలక్రమంలో మూసుకుపోవడం వల్ల ప్రాంతం కొద్దిగా విస్తరించవచ్చు. అయితే ఈ విస్తరణ అన్ని పరిశీలనల్లోనూ ఒకేలా బయటపడలేదు. నాళాల సాంద్రత విషయంలో మాత్రం సాక్ష్యం గట్టిగా ఉంది. అది వయసుతో నెమ్మదిగా తగ్గుతుంది.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది మీ కన్ను కాదు, యంత్రం. ఓసీటీ యాంజియోగ్రఫీలో రంగుమందు ఎక్కించరు. ఒకేచోట వెంటవెంటనే తీసిన చిత్రాలను పోల్చి, వాటి మధ్య కదిలినది రక్తమని యంత్రం లెక్కిస్తుంది. ఆ కదలికను విస్తీర్ణంగా మార్చడానికి కన్ను ఫలానా పొడవు ఉందని అది ముందే అనుకుంటుంది. స్త్రీల కన్ను పురుషుల కంటికంటే సగటున అర మిల్లీమీటరు పొట్టి. యంత్రం అనుకున్న పొడవుకంటే కన్ను పొట్టిదైతే నాళరహిత ప్రాంతం ఉన్నదానికంటే కొంచెం పెద్దదిగా లెక్కకు వస్తుంది, పొడవైనదైతే చిన్నదిగా వస్తుంది; ఒక మిల్లీమీటరు పొడవు తేడా విస్తీర్ణాన్ని దాదాపు 9 శాతం అటూ ఇటూ చేస్తుంది. ఈ లెక్క సరిచేసిన తరువాత కూడా స్త్రీ పురుష భేదం పూర్తిగా పోలేదు గాని, సరిచేయని నివేదికలో అది కొంత ఎక్కువగా కనబడుతుంది. దీనికి తోడు కంటి తడి ఆరిపోయినా, శుక్లం అప్పుడప్పుడే మొదలవుతున్నా సంకేతం బలహీనపడి సన్నని నాళాలు చిత్రంలో పడవు. అటువంటప్పుడు నాళాలు తగ్గాయని కాగితం చెబుతుంది, నిజానికి తగ్గింది చిత్రం నాణ్యత. నివేదికలో ఒక మూలన సంకేత బలం అంకె ఉంటుంది; సాంద్రత అంకెకంటే ముందు దాన్ని చూడాలని నేను నా దగ్గరికి వచ్చే యువ వైద్యులకు పదే పదే చెబుతుంటాను.

పోల్చవలసి వస్తే మీ కుడికంటిని మీ ఎడమకంటితో పోల్చండి. ఆరోగ్యవంతులలో రెండు కళ్ల కొలతలు సాధారణంగా దగ్గరగా ఉంటాయి. లేదా ఇదే యంత్రంతో, ఇదే పరిమాణం చిత్రంతో ఏడాది తరువాత తీసిన నివేదికతో పోల్చండి. ఒక కంపెనీ యంత్రం ఇచ్చిన అంకెను మరో కంపెనీ యంత్రం అంకె పక్కన పెట్టకూడదు. రెండూ నాళం అంటే ఏమిటో వేర్వేరుగా లెక్కకట్టుకుంటాయి.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. కంటి వెనుక ధమనులు సన్నబడ్డాయని ఈమధ్య పరీక్షలో రాశారు. ఆయనకు బీపీ లేదు. ఇది కేవలం వయసు వల్లనే అనుకోవచ్చా? ధమనులు, సిరలు రెండూ ఒకేలా మారతాయా?

జవాబు: కొంతమేర వయసు వల్లనే అనుకోవచ్చు. అయితే ఆ మాట అనేముందు ఒక పని చేయాలి, అది చివర్లో చెబుతాను.

రెటీనాకు రక్తం తెచ్చే కేంద్ర ధమని దృశ్యనాడి మధ్యలోనుంచి కంటిలోకి వచ్చి నాలుగు ప్రధాన శాఖలుగా చీలుతుంది. వాటి పక్కనే సిరలు తిరుగు ప్రయాణం చేస్తాయి. మామూలు కంటిలో ధమని వెడల్పుకు, సిర వెడల్పుకు నిష్పత్తి సుమారు 2:3. కొలతలన్నీ మైక్రాన్లలోనే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులలో ఉంటాయి. దృశ్యనాడి దగ్గర పెద్ద శాఖల వెడల్పు వంద మైక్రాన్లకు అటూ ఇటూగా, చివరి కేశనాళికల వెడల్పు ఎర్ర రక్తకణం ఒద్దికగా ఒదిగి దూరవలసినంత ఇరుకుగా ఉంటుంది.

వయసుతో ఈ ధమనులు ఎంత సన్నబడతాయన్నది అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, బీవర్ డ్యామ్ అనే పట్టణ వాసులపై 1980ల చివర్లో మొదలైన పెద్ద అధ్యయనంలో లెక్కగట్టారు. అక్కడ 43 నుంచి 84 ఏళ్ల వారి రెటీనా ఫొటోలను కొలిచి చూడగా, వయసు పదేళ్లు పెరిగిన కొద్దీ ధమనుల కొలత సుమారు 2 మైక్రాన్లు తగ్గింది. సగటు రక్తపోటు 10 మిల్లీమీటర్లు పెరిగితే మాత్రం ఆ తగ్గుదల 4 మైక్రాన్లు దాటింది. అంటే పది మిల్లీమీటర్ల రక్తపోటు ధమని మీద చేసే పని, ఇరవై ఏళ్ల వయసు చేసే పనితో సమానం. మీ ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నా దగ్గర లేదు. సిరలు కూడా వయసుతో మారతాయి గాని వాటి తీరు వేరు. పొగతాగడం, శరీరంలో ఎడతెగని వాపు, స్థూలకాయం వంటివాటితో అవి వెడల్పవుతాయి. ఆ కారణంగా ధమని, సిరల నిష్పత్తి ఒక్కటే చూసి ఏది మారిందో తేల్చడం కష్టం.

సన్నబడడం వెనుక జరిగేది ఒక్కటే మార్పు కాదు. ధమని గోడలోని కండరం స్థానంలో కొలాజెన్ అనే పీచులాంటి ప్రొటీన్ పేరుకొని గోడ బిగుసుకుంటుంది. కేశనాళికల అడుగు పొర మందమవుతుంది. ఆ నాళికలను బయటినుంచి అంటిపెట్టుకొని కాపు కాసే పెరిసైట్లు అనే కణాలు తగ్గుతాయి. రెటీనాలో ఇవి నాళం లోపలి పొర కణానికి ఒకటి చొప్పున ఉండేంత దట్టంగా మొదలవుతాయి గనుక, వాటి తరుగుదల ఇక్కడ ప్రత్యేకంగా లెక్కలోకి వస్తుంది. నాళాల కొమ్మల అల్లిక కూడా కొంత సరళమవుతుంది. చిన్న చిన్న ఉపశాఖలు తగ్గి చెట్టు పలచబడినట్టు కనిపిస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వయసుతో రెటీనాలోని నాడీకణాలు, వాటి తంతువులు కూడా మెల్లగా తగ్గుతాయి. కణజాలం తగ్గినందువల్ల రక్తం అవసరం తగ్గి నాళాలు సన్నబడ్డాయా, నాళాలు సన్నబడినందువల్ల కణజాలం తగ్గిందా? బహుశా రెండూ కలిసే నడుస్తాయని నా అభిప్రాయం. ఎందుకంటే రెటీనా నాళాలు తమ సంగతి తామే చూసుకుంటాయి. శరీరంలో చాలాచోట్ల నాళాలను బిగించి వదిలే స్వయంచాలిత నాడులు దృశ్యనాడి దగ్గరే ఆగిపోతాయి, రెటీనాలోకి రావు. పక్కనున్న కణజాలానికి ఎంత ఆక్సిజన్ కావాలో దాన్నిబట్టి నాళమే వెడల్పవుతుంది, ముడుచుకుంటుంది. మినుకుమినుకుమనే వెలుతురు చూపిస్తే యువకులలో ఈ నాళాలు చప్పున విచ్చుకుంటాయి. వయసు మీదపడిన వారిలో ఆ స్పందన మందగిస్తుంది.

కోరాయిడ్ పొర కూడా వయసుతో పలుచనవుతుంది. ఫోవియా కింద దాని మందం ఏడాదికి సుమారు ఒకటిన్నర మైక్రాను చొప్పున తగ్గుతుంది. పురుషులలో ఈ పొర స్త్రీలకంటే సగటున కొంచెం మందం.

చివర్లో చెబుతానన్న పని ఇది. మీ నాన్నగారికి బీపీ లేదని ఏ ఆధారంతో అంటున్నారు? క్లినిక్‌లో ఒకసారి కొలిచి చెప్పినదైతే అది చాలదు. కొందరికి వైద్యుడి ముందు మామూలుగా ఉండి, ఇంటి దగ్గర, ముఖ్యంగా రాత్రివేళ రక్తపోటు ఎక్కువగా ఉంటుంది. వారం రోజులు ఇంట్లో ఉదయం సాయంత్రం కొలిచి రాసి ఉంచండి. వీలైతే 24 గంటల బీపీ పరీక్ష చేయించండి. అది కూడా మామూలుగా ఉంటే అప్పుడు వయసు మీదకు నెట్టవచ్చు.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. రెటీనా ఫొటో చూసి అది స్త్రీదో పురుషుడిదో కంప్యూటర్ చెప్పగలదని చదివాను. కంటి వైద్యులు చెప్పలేనిది యంత్రం ఎలా చెప్పగలదు?

జవాబు: చదివింది నిజమే. గూగుల్ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు లక్షల ఎనభై వేలకు పైగా మనుషుల రెటీనా ఫొటోలతో శిక్షణ పొందిన ప్రోగ్రాము వయసును సగటున మూడేళ్లకు కాస్త పైబడిన తేడాతో చెప్పింది. స్త్రీ పురుష భేదాన్ని గుర్తించడంలో దాని సామర్థ్యం 0.97. మామూలు మాటల్లో చెప్పాలంటే, ఒక స్త్రీ ఫొటో, ఒక పురుషుడి ఫొటో పక్కపక్కన ఇస్తే నూటికి 97 సార్లు ఏది ఎవరిదో అది సరిగా క్రమం పెడుతుంది. ఆ ఫలితం వచ్చేదాకా ఫొటోలో ఆ సమాచారం ఉందన్న అనుమానమైనా మా వృత్తిలో చాలామందికి లేదు. ఏళ్ల తరబడి రోజూ చూసే చిత్రాన్ని మేము సగమే చదివామని ఒప్పుకోవలసి వచ్చింది.

ప్రోగ్రాము చిత్రంలో ఏ భాగం మీద ఎక్కువ ఆధారపడిందో సూచించే పటాలను కూడా ఆ పరిశోధకులు వేశారు. వయసు చెప్పేటప్పుడు అది ప్రధానంగా రక్తనాళాల మీద ఆధారపడింది. స్త్రీ పురుష భేదానికి దృశ్యనాడి శీర్షం, నాళాలు, ఫోవియా చుట్టూ ఉండే మక్యులా ప్రాంతం ముఖ్యమయ్యాయి. అయితే మీరు ఇంజనీరింగ్ చదువుతున్నారు గనుక ఒకటి గమనించాలి. ఆ పటం యంత్రం ఎక్కడ చూసిందో చెబుతుంది, అక్కడ ఏమి చూసిందో చెప్పదు. నాళం వెడల్పా, వంపా, కొమ్మలు చీలే కోణమా, రంగా, లేక ఇవన్నీ కలిసి కొద్దికొద్దిగానా?

చివరిదే నిజానికి దగ్గరగా ఉంటుందని నేను అనుకుంటాను. ఏ ఒక్క కొలతలోనైనా స్త్రీల అంకెలూ పురుషుల అంకెలూ చాలావరకు ఒకదానిపై ఒకటి పడి ఉంటాయి. ఒక్క కొలత చూసి ఎవరూ తేల్చలేరు. అటువంటి బలహీనమైన ఆధారాలు వందలు కలిస్తే గట్టి తీర్పు వస్తుంది. మనిషి కన్ను ఒకేసారి వందను బేరీజు వేయలేదు. స్త్రీ పురుష రెటీనాలు రెండు వేర్వేరు జాతులన్న అర్థం మాత్రం ఆ 97లో లేదు.

ప్రశ్న: నాకు 51 ఏళ్లు, ఏడాదిగా నెలసరి ఆగిపోయింది. ఈస్ట్రోజెన్ రక్తనాళాలను కాపాడుతుందని విన్నాను. అది తగ్గితే కంటి నాళాలు త్వరగా ముసలివవుతాయా? హార్మోను మాత్రలు వాడితే కంటికి మేలా?

జవాబు: ఈస్ట్రోజెన్‌ను గుర్తించే గ్రాహకాలు రెటీనా కణజాలంలో ఉన్నాయి. ఈ హార్మోను నాళాల లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడ్ తయారీని పెంచుతుంది. ఆ వాయువు నాళాన్ని వదులుచేసి విచ్చుకునేలా చేస్తుంది. కాబట్టి మీరు విన్నదానికి శాస్త్రీయమైన పునాది ఉంది. కాని పునాది ఉన్నంత మాత్రాన ఇల్లు లేచినట్టు కాదు. మెనోపాజ్‌కు ముందు, తరువాత ఆరోగ్యవంతులైన స్త్రీల రెటీనా రక్తప్రసరణను పోల్చిన పరిశీలనలు ఒకే జవాబు ఇవ్వలేదు. కొన్నిటిలో తేడా కనబడింది, కొన్నిటిలో వయసు ప్రభావం తీసివేశాక మిగిలింది చాలా కొంచెం. యాభై దాటిన స్త్రీలో హార్మోను తగ్గుదల, వయసు, మెల్లగా పెరిగే రక్తపోటు మూడూ ఒకేసారి వస్తాయి. వాటిని విడదీయడం ఎవరికైనా కష్టమే.

కంటి నాళాల కోసం హార్మోను మాత్రలు వాడమని నేను చెప్పను. వేడి ఆవిర్లు, నిద్రలేమి వంటి ఇబ్బందులకు అవి కావాలా వద్దా అన్నది మీరూ మీ గైనకాలజిస్టూ మాట్లాడుకోవలసిన విషయం.

మీరు తెలుసుకోదగిన మరో సంగతి ఉంది. అమెరికాలో వేలమందిని ఏళ్లపాటు గమనించిన అధ్యయనంలో, రెటీనా ధమనులు సన్నగా ఉన్న స్త్రీలకు తరువాతి కాలంలో గుండెజబ్బు ముప్పు ఎక్కువగా కనిపించింది. పురుషులలో ఆ సంబంధం కనబడలేదు. 2002లో ఆ ఫలితం వెలువడింది. స్త్రీల గుండెజబ్బులో పెద్ద ధమనుల్లోని అడ్డంకులతో పాటు సూక్ష్మనాళాల పాత్ర ఎక్కువ కావడం దీనికి కారణం కావచ్చునని అప్పుడు భావించారు. కాబట్టి మీ వయసులో రెటీనా ధమనులు సన్నబడ్డాయని ఎవరైనా రాస్తే దాన్ని కంటి సంగతిగా పక్కన పెట్టకుండా బీపీ, కొలెస్ట్రాల్, షుగర్ చూపించుకోండి.

ప్రశ్న: వయసుతో వచ్చే ఈ మార్పులను మందులతోగాని, ఆహారంతోగాని వెనక్కి తిప్పవచ్చా?

జవాబు: వెనక్కి తిప్పే మందు లేదు. రక్తపోటు అదుపులో ఉంచుకోవడం, పొగ మానడం, రోజూ చెమట పట్టేలా నడవడం అదనపు నష్టాన్ని తగ్గిస్తాయి. రెటీనా నాళాలను యవ్వనంగా మారుస్తామనే బిళ్లల ప్రకటనలకు డబ్బు పెట్టకండి.

ప్రశ్న: నీలాకాశం వైపు తేరిపార చూస్తే సన్నని తెల్లటి చుక్కలు వంకర దారుల్లో చురుగ్గా పరుగెత్తుతూ కనిపిస్తాయి. కంటి డాక్టరు అంతా బాగానే ఉందన్నారు. అవి ఏమిటి?

జవాబు: అవి మీ సొంత తెల్ల రక్తకణాలు. నీలి వెలుతురును ఎర్ర కణాలలోని హిమోగ్లోబిన్ పీల్చుకుంటుంది గనుక కేశనాళికలన్నీ రెటీనా మీద సన్నని నీడలు వేస్తాయి. ఆ నీడలు కదలకుండా ఉండడం వల్ల మెదడు వాటిని పట్టించుకోదు. తెల్ల కణం వెళ్లినచోట మాత్రం వెలుతురు ఆగకుండా దూసుకుపోతుంది. ఆ కదిలే సందునే మీరు చుక్కగా చూస్తున్నారు. కాస్త ఓపికగా గమనిస్తే వాటి వేగం నాడి కొట్టుకోవడంతో పాటు హెచ్చుతగ్గులవుతుంది. ఈ చుక్కల వేగాన్ని ఆధారం చేసుకొనే ఒకప్పుడు రెటీనా రక్తప్రసరణను అంచనా వేసేవారు. ఆ పద్ధతిలోనూ వయసుతో వేగం తగ్గుతుందనే తేలింది.

నల్లటి దారాలు, ఈగల్లాంటివి తేలుతూ కనిపించడం వేరు. అవి కంటి లోపలి జెల్లీలాంటి ద్రవంలో తేలే పోగులు రెటీనా మీద వేసే నీడలు. అవి ఉన్నట్టుండి ఎక్కువైనా, మెరుపులు తోడైనా ఆ రోజే కంటి వైద్యుడికి చూపించుకోవాలి. మీ తెల్ల చుక్కలకు ఆ తొందర అక్కరలేదు. ఈసారి ఆకాశం చూసేటప్పుడు చూపు ఒకేచోట నిలిపి, సరిగ్గా మధ్యన గమనించండి. అక్కడ ఏ చుక్కా అడుగుపెట్టని చిన్న చోటు ఒకటి కనిపిస్తుంది. మొదటి ప్రశ్నలోని పాఠకురాలికి యంత్రం 0.38 అని కొలిచి ఇచ్చినది దానినే.